హుగ్లీ నీటిలో ఒక ఊపిరి చప్పుడు

కంటికి కనబడేది అరక్షణం. చెవికి వినబడేది అంతకన్నా తక్కువ. కోల్‌కతా మహానగరాన్ని ఒరుసుకొని పారే బురదనీటిలో, చెవులనే కళ్ళుగా చేసుకొని బ్రతుకుతున్న ఒక ప్రాణిని చేయిచాపినంత దూరంలో చూసిన అనుభవం ఇది.

కోల్‌కతాకు వెళ్ళిన తెలుగువారు సాధారణంగా రెండు చోట్ల జంతువులను చూసి వస్తారు. ఒకటి అలీపూర్‌లోని జంతు ప్రదర్శనశాల. రెండవది చౌరంగీ రోడ్డులోని ఇండియన్ మ్యూజియం. మొదటి చోట ఊచల వెనుక బ్రతికి ఉన్నవి, రెండవ చోట అద్దాల వెనుక చచ్చిపోయినవి. హౌరా స్టేషనులో రైలు దిగి, ఎదుటనే ఉన్న రేవులో లాంచీ ఎక్కి బాబూఘాట్ వైపు సాగిపోయే ప్రయాణికుడు తనకు తెలియకుండానే మూడవ చోటు మీదుగా వెళుతూ ఉంటాడు. అక్కడ ఊచలూ లేవు, అద్దాలూ లేవు. ఆ గోధుమరంగు నీటి అడుగున ఏనాడైనా సంచరించే అవకాశమున్న ఆ ప్రాణిని బెంగాలీలు శుశుక్ అంటారు. హిందీలో సూఁస్. శాస్త్రజ్ఞుల పరిభాషలో ప్లాటనిస్టా గాంజెటికా. మనం గంగా డాల్ఫిన్ అని పిలుచుకుంటున్నాం.

నాకు ఈ ప్రాణితో తొలి పరిచయం నీటిలో కాదు, నిఘంటువులో జరిగింది. అనువాదం నా వృత్తి. చాలా ఏళ్ళ క్రిందట గంగానదిని గూర్చిన ఒక ఆంగ్ల వ్యాసాన్ని తెలుగు చేస్తుండగా ‘సుసు’ అన్న చిన్న మాట దగ్గర నా కలం ఆగిపోయింది. డాల్ఫిన్ అని వ్రాసి ముందుకు సాగిపోవచ్చు. కాని సముద్రంలో గంతులు వేసే డాల్ఫిన్ వేరు, ఇది వేరు. మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువు తెరిస్తే ‘శిశుమార’ అన్న మాటకు గంగానదిలోని డాల్ఫిన్ అన్న అర్థం కనబడింది. శిశుమారం, శింశుమారం! భాగవతం పంచమ స్కంధం విన్నవారికి ఈ మాట కొత్తది కాదు. ఆకాశంలోని జ్యోతిశ్చక్రమంతా ఒక మహా శింశుమార రూపంలో చుట్ట చుట్టుకొని ఉన్నదనీ, దాని తోక కొనన ధ్రువుడు నిలిచి ఉన్నాడనీ అక్కడి వర్ణన. మా తాతగారు పురాణం చెబుతూ దాన్ని మొసలి అనే చెప్పేవారు. ఆయనకే కాదు, చాలామందికి ఆ అర్థమే తెలుసు.

అంతకంటె చిత్రం ఆ మాటకు చెప్పే వ్యుత్పత్తి. శిశువులను చంపేది కనుక శిశుమారమట! బారెడు మూతిలో బారులు తీరిన పళ్ళను చూసి పూర్వం ఎవరు బెదిరిపోయారో గాని, చేపలూ రొయ్యలూ తప్ప మరొకటి ఎరుగని సాధుజీవికి ఇంతటి అపవాదు మరే భాషలోనైనా ఉన్నదా అని నాకు సందేహం. పులికీ ఏనుగుకూ అభిమానులు కొల్లలుగా ఉన్నారు. నేను ఆనాటి నుంచీ శింశుమారం పక్షాన చేరిపోయాను. నిరుడు శీతకాలంలో ఒక అనువాదకుల సమావేశానికి కోల్‌కతా వెళ్ళవలసి వచ్చినప్పుడు, సమావేశానికి రెండు రోజులు, శుశుక్‌కు మూడు రోజులు అని మనసులోనే పద్దు వ్రాసుకొని రైలెక్కాను.

చెవులతో చూసే జంతువు

ఈ ప్రాణిని వెతకబోయే ముందు దాని తీరుతెన్నులు కొంత తెలియాలి. తెలియకపోతే ఎదురుగా తేలినా గుర్తించలేము.

ఇది చేప కాదు. మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చి, బిడ్డను కని, పాలిచ్చి పెంచే జంతువు. ఆడది మగదానికంటె పెద్దది. రెండున్నర మీటర్ల దాకా పెరుగుతుంది, మూతి కూడా ఆడదానికే పొడుగు. రెండు మూడేళ్ళకు ఒక్క బిడ్డను మాత్రమే కంటుంది. వీపు మీద రెక్క ఉండవలసిన చోట చిన్న మూపురం వంటి ఎత్తు మాత్రమే ఉంటుంది. చేతుల స్థానంలో ఉన్న తెడ్లు విసనకర్రలవలె వెడల్పు. మెడ ఎముకలు సముద్రపు డాల్ఫిన్లలో చాలా వాటికి వలె అతుక్కుపోయి ఉండవు గనుక తల అటూ ఇటూ తిప్పగలదు.

ఇక కళ్ళు. వీటిని కళ్ళనడం మర్యాదకే. గుండుసూదితో పొడిచినట్లున్న రెండు రంధ్రాలు. వాటిలో కటకం లేదు. మెదడుకు వెళ్ళే దృష్టి నాడి దారపు పోగంత సన్నం. వెలుతురు ఎటునుంచి వస్తున్నదో తెలుసుకోవడానికి తప్ప, ఆకారాన్ని చూడడానికి అవి పనికిరావు. కోట్ల టన్నుల ఒండ్రును మోసుకుపోయే గంగనీటిలో చూపు ఉండి మాత్రం చేసేదేమిటి? చేయి ముంచితే మణికట్టు కనబడని నీరది. అందుచేత ఈ ప్రాణి చూపును వదులుకొని వినికిడిని పట్టుకున్నది. నుదుటి నుంచి టకటకమని సూక్ష్మమైన ధ్వనులను ఎడతెగకుండా ముందుకు పంపుతుంది. అవి చేపకు తగిలి, ఇసుకకు తగిలి, పడవ అడుగుకు తగిలి ప్రతిధ్వనించి వస్తాయి. ఆ ప్రతిధ్వనులే దానికి రూపాలు. మనం చీకటి గదిలో తడుముకుంటూ నడిచినట్లు అది నదిలో తడుముకోదు. ధ్వనితో దీపం వెలిగించుకొని నడుస్తుందనడం సబబు.

1969లో అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ ఆక్వేరియం పరిశోధకులు, దీనికి దాయాది వంటి సింధునది డాల్ఫిన్లను తొట్టిలో ఉంచి గమనించి, ఒక వింతను లోకానికి వెల్లడించారు. ఇవి నిటారుగా ఈదవు; పక్కకు ఒరిగి, ఒక తెడ్డు అడుగు నేలకు తగిలీ తగలకుండా, తల ఊపుకుంటూ ఈదుతాయి. లోతు తక్కువైన నీటిలో కూడా తిరగగలగడానికి ఈ పక్కవాటు ఈత తోడ్పడుతుంది. ఊపిరికి పైకి వచ్చినప్పుడు మాత్రమే సరిగా తిరుగుతుంది. ఆ ఊపిరి చప్పుడే ‘సూఁస్’. దాని పేరు అదే చెప్పుకుంటున్నదన్నమాట. సంస్కృత పండితుడు శిశువు దాకా వెళ్ళవలసిన అవసరమే లేదేమోనని నా అనుమానం. అనువాదకుల అనుమానాలకు ఆధారాలు అడగకూడదు.

ప్రిన్సెప్ ఘాట్‌లో రెండు సాయంత్రాలు

మా బాబాయి ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. అక్కడి రైల్వే బస్తీలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో వారిదీ ఒకటి. బెంగాలీ ఆయనకు మాతృభాషతో సమానం. నా సంకల్పం విని ఆయన నవ్వి, “అమ్మాయ్, ఈ ఊళ్ళో పులిని చూడాలంటే టిక్కెట్టు కొంటే చాలు. నీ శుశుక్‌ని చూడాలంటే నుదుట రాసిపెట్టి ఉండాలి,” అన్నారు. అయినా గొడుగూ, చేతిగడియారమూ తీసుకొని నాతో బయలుదేరారు.

మొదటి రెండు సాయంత్రాలు ప్రిన్సెప్ ఘాట్‌లో గడిపాము. తెల్లని ఎత్తైన స్తంభాల మండపం. దాని వెనుక ఆకాశాన్ని సగం కప్పుతూ 1992లో ప్రారంభమైన విద్యాసాగర్ సేతువు. పల్లీల బండ్లు, ఫోటోలు తీయించుకునే కొత్త దంపతులు, అద్దె పడవల వాళ్ళ కేకలు. నీటి మీద లాంచీలు, ఇసుక పడవలు, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన బంతిపూల దండలు. శుశుక్ జాడ లేదు.

జాడ లేకపోయినా, ఆ ప్రాణిని తలుచుకోవడానికి భారతదేశంలో అంతకంటె తగిన చోటు మరొకటి ఉండదు. ఆ మండపం ఎవరి స్మారకమో, ఆ జేమ్స్ ప్రిన్సెప్ కలకత్తా టంకశాలలో నాణేల పరీక్షాధికారి. ఆసియాటిక్ సొసైటీకి కార్యదర్శి. శతాబ్దాలుగా ఎవరికీ కొరుకుడు పడని బ్రాహ్మీ లిపిని 1837లో ఛేదించి, అశోకుని శాసనాలకు మళ్ళీ నోరు తెప్పించినవాడు. నలభై ఏళ్ళ వయసులోనే, 1840లో, మరణించాడు. ఆయన చదివిన స్తంభ శాసనాలలో అయిదవదానిలో అశోకుడు తన పట్టాభిషేకమైన ఇరవైయారవ ఏట చంపకూడదని ప్రకటించిన ప్రాణుల పట్టీ ఒకటి ఉన్నది. చిలుకలు, గోరువంకలు, గబ్బిలాలు, తాబేళ్ళతో పాటు ‘గంగాపుపుటక’ అన్న పేరు ఆ పట్టీలో కనబడుతుంది. అది గంగా డాల్ఫినేనని పలువురు పండితుల అభిప్రాయం. రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడిన ఆ అభయపత్రాన్ని చదివినవాని పేరిట వెలసిన రేవులో నిలబడి, అభయం పొందిన ప్రాణి కోసం ఎదురు చూశాము.

ఇది మనవాళ్ళు మాత్రమే గమనించిన జంతువు కాదు. రోమన్ గ్రంథకర్త ప్లినీ గంగలో డాల్ఫిన్ మూతీ తోకా గల ‘ప్లాటనిస్టా’ ఉన్నదని విని వ్రాసుకున్నాడు. దాని పొడవును పదిహేను మూరలకు సాగదీశాడు. శాస్త్రజ్ఞులు తరువాత ఆ పేరునే ఖాయం చేశారు. హిందూస్థాన్ జంతువులను వర్ణిస్తూ బాబరు చక్రవర్తి తన ఆత్మకథలో దీన్ని ‘నీటి పంది’ అన్నాడు.

సామర్లకోట నుంచి శిబ్‌పూర్‌కు

రెండవ రోజు ఉదయం నదికి ఆవలి ఒడ్డున, హౌరా వైపు శిబ్‌పూర్‌లో ఉన్న బొటానికల్ గార్డెన్‌కు వెళ్ళాము. 1787లో నెలకొల్పిన ఆ తోటకు నేడు ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. వచ్చినవాళ్ళందరూ మహావటవృక్షం వైపు నడుస్తారు. నేను ఏటి గట్టు వైపు, రాక్స్‌బర్గ్ హౌస్ అనే పాత మేడ వైపు నడిచాను. దానికి కారణం ఉన్నది.

విలియం రాక్స్‌బర్గ్ స్కాట్లండ్ దేశీయుడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుంచి పన్నెండేళ్ళ పాటు ఆయన కాపురమున్నది మన గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో. అక్కడ మిరియాలు, చెరకు, నీలిమందు, కంబళి చెట్లు పెంచి చూశాడు. స్థానిక చిత్రకారుల చేత వందలకొద్దీ మొక్కల బొమ్మలు గీయించాడు. ప్రతి మొక్కకూ తెలుగువారు ఏ పేరు పెట్టారో అడిగి వ్రాసుకున్నాడు. సోమిద చెట్టు పేరు నేటికీ వృక్షశాస్త్రంలో సోయ్‌మిడాగా నిలిచి ఉండడానికి మూలం ఆ తెలుగు నేల. 1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా బదిలీ అయ్యాడు. చెట్ల కోసం వచ్చినవానికి కిటికీలో నుంచి నది కనబడేది. 1801లో, ఆసియాటిక్ సొసైటీ ప్రచురించే పరిశోధన సంపుటాలలో ఏడవదానిలో, ఆయన గంగలోని డాల్ఫిన్‌ను గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. కలకత్తాకు దక్షిణాన, తూర్పున నదులూ కాలువలూ అల్లుకుపోయిన మెల్లని నీటిలో ఇవి ఎక్కువగా తిరుగుతాయని అందులో పేర్కొన్నాడు. సరిగ్గా అదే ఏట లేబెక్ అనే మరొక పరిశోధకుడు కూడా ఈ ప్రాణిని వర్ణించాడు. కాస్త ముందు ఆయనే గనుక శాస్త్రీయ నామం పక్కన నేడు లేబెక్ పేరు వ్రాస్తారు. అయినా నా లెక్కలో శుశుక్‌ను లోకానికి పరిచయం చేసినవారిలో ఒకరు సామర్లకోట మీదుగా వచ్చినవారే.

గట్టు మీద కూర్చొని నేను ఈ సంగతి చెబితే బాబాయి నదిని పరిశీలనగా చూశారు. “ఆయన కాలంలో ఇక్కడ ఆవిరి ఓడ కూడా లేదు కదే,” అన్నారు. నిజమే. మా ముందు నుంచి ఒక బార్జీ పోతున్నది. దాని యంత్రపు మోత మా పాదాల క్రింద రాతికట్టడంలో తెలుస్తున్నది.

2020 ఏప్రిల్‌లో, కరోనా లాక్‌డౌన్ వల్ల లాంచీలన్నీ ఆగిపోయినప్పుడు, నగరపు ఘాట్ల దగ్గరే శుశుక్‌లు తేలాయని పత్రికలు వ్రాశాయి. మామూలు రోజులలో మాత్రం వాటిని చూడాలంటే నగరాన్ని వెనుక వదిలి ఎగువకు వెళ్ళడమే ఉత్తమమని రేవులో పడవవాళ్ళందరూ ఏకగ్రీవంగా చెప్పారు.

బలాగఢ్ రేవులో

మూడవ రోజు తెల్లవారకముందే హౌరాలో కట్వా వైపు వెళ్ళే లోకల్ రైలెక్కాము. కోల్‌కతాకు సుమారు డెబ్బై కిలోమీటర్ల ఎగువన, హుగ్లీ జిల్లాలో, నది ఒడ్డున ఉన్నది బలాగఢ్. పడవలు కట్టడంలో తరతరాలుగా పేరు మోసిన ఊరు అది. దారి పొడుగునా ఇళ్ళ ముంగిళ్ళలోనే బోర్లించిన పడవల అస్థిపంజరాలు, రంపపు పొట్టు వాసన. రేవులో అరవై ఏళ్ళు దాటిన ఒక పడవవాడు దొరికాడు. అతని పడవకు డీజిల్ యంత్రం ఉన్నది. అది చేసే చప్పుడును బట్టి ఆ పడవలను బెంగాలీలు ‘భుట్‌భుటి’ అంటారు. దాన్ని మించిన అనువాదం నాకు చేతకాదు.

“కాకా, శుశుక్ కనబడుతుందా?” అని వచ్చీరాని బెంగాలీలో అడిగాను.

“కనబడడం దాని ఇష్టం, దీదీ. వినబడుతుంది,” అన్నాడు.

పొగమంచు ఇంకా పూర్తిగా విచ్చలేదు. ఎదురుగా ఇసుక దిబ్బలు, వాటి మీద బారులు తీరిన బాతులు. ఒక చిన్న పాయ వచ్చి పెద్ద నదిలో కలిసే చోటికి రాగానే అతడు యంత్రం ఆపేశాడు. తెడ్డు వేసి, సుడి తిరుగుతున్న నీటి అంచున పడవను నిలిపాడు. రెండు ప్రవాహాలు కలిసే చోట నీరు వెనక్కి మళ్ళుతుంది. చేపలు అక్కడ చేరుతాయి. చేపల కోసం శుశుక్ చేరుతుంది. ఈ మాట పుస్తకాలలో చదివాను. అతడు తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. “మా నాన్న వల వేయబోయే ముందు శుశుక్ ఎటు పోతోందో చూసేవాడు. దాని వెనుకనే మేము,” అన్నాడు.

నేను కళ్ళు చికిలించి నీటినంతా గాలిస్తుంటే, అతడు తల అడ్డంగా ఊపాడు. “కళ్ళతో వెతకకండి, దీదీ. మీరు ఇటు చూస్తే అది అటు లేస్తుంది. చెవి పెట్టి కూర్చోండి. చప్పుడు వచ్చిన వైపు తిరగండి.”

కూర్చున్నాము. యంత్రం ఆగిన తరువాత నది ఎంత మాట్లాడుతుందో నాకు అప్పుడు తెలిసింది. పడవ అడుగున నీళ్ళ గలగల. దూరంగా ఇటుక బట్టీలో ఎవరో పిలుస్తున్న కేక. ఒక కొంగ రెక్కల టపటప. పావుగంట గడిచింది. అప్పుడు, వెనుక ఎక్కడో, మనిషి ఒక్కసారి ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలినట్లు, ‘ఫూస్’.

తిరిగేసరికి వలయాలు మాత్రమే మిగిలాయి.

బాబాయి గడియారం చూడడం మొదలుపెట్టారు. డెబ్బై సెకన్లు. ఫూస్. ఈసారి యాభై గజాల దూరంలో నల్లని వీపు ఒకటి వంపు తిరిగి మునిగిపోవడం చూశాను. నలభై సెకన్లు. ఆ తరువాత నూటపది. ఒకసారి మూతి మాత్రమే లేచింది. నీటిలో నుంచి ఎవరో కర్ర పైకెత్తినట్లు. అరగంటలో ఎన్నిసార్లు విన్నామో, అందులో సగం కూడా చూడలేకపోయాము. ఫోటో తీయాలన్న ఆశ అయిదు నిమిషాలలోనే వదులుకున్నాను.

ఆ తరువాత కొంతసేపు నిశ్శబ్దం. వెళ్ళిపోయిందనుకున్నాము. నేను పడవ అంచున మోచేయి ఆనించి నీటిలోకి చూస్తున్నాను. ఆ బురద నీరు నా మోచేతికి మూరెడు దూరంలో ఉబ్బింది. మొదట మూతి వచ్చింది. పొడుగాటి, సన్నని, కొన దగ్గర కాస్త వెడల్పైన మూతి; నోరు మూసి ఉన్నా బయటికే కనబడుతున్న పళ్ళ వరుస, ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న రెండు దువ్వెనలవలె. దాని వెనుక గుండ్రని నుదురు. నుదుటి క్రింద, నోటి మూలకు కాస్త పైన, నువ్వుగింజంత నల్లని చుక్క. అదే కన్ను. తల నడినెత్తిన నిలువుగా ఒక చీలిక తెరుచుకున్నది. ఫూస్ మని గాలి వెలువడింది. నా చేతి మీద, చెంప మీద తుంపర పడింది. వెచ్చగా ఉన్నది. పచ్చి చేపల వాసన. చీలిక మూసుకున్నది. బూడిద రంగు వీపు, తడిసిన రబ్బరువలె మెరుస్తూ, జారిపోయింది. దానికి ఆనుకొని, అంతకంటె ముదురు రంగులో, పొట్టి మూతితో, జానెడు ఆలస్యంగా లేచి తల్లివలె ఊపిరి పీల్చబోయి సగంలోనే మునిగిపోయిన మరొకటి.

“తల్లీ బిడ్డా,” అన్నాడు పడవవాడు చాలా మెల్లగా.

ఇదంతా చదవడానికి పట్టిన కాలంలో పదోవంతు కూడా పట్టలేదు. నేను నోరు తెరిచే లోపల నది మళ్ళీ నదిగా మారిపోయింది. అప్పుడు స్ఫురించింది నాకు: నేను దాన్ని చూసినది అరక్షణం, అది మమ్మల్ని చూస్తున్నది అరగంటగా. పడవ కర్రబొడ్డును, దాని క్రింద వేలాడే ఇనుప చుక్కానిని, ఆగిపోయిన యంత్రపు రెక్కలను, నీటిలో కదులుతున్న తెడ్డును తన టకటకల వెలుగులో పరీక్షించి, బిడ్డను వెంటబెట్టుకొని రావచ్చునని నిర్ణయించుకున్న తరువాతనే అది దగ్గరకు వచ్చి ఉంటుంది. మా చెవులకు ఆ ధ్వనులు అందవు. మా క్రింద అంత సంభాషణ జరుగుతున్నదని మాకు తెలియదు.

బాబాయి గడియారం చూడడం మరచిపోయారు.

మోతలో మునిగిన నది

తిరుగు ప్రయాణంలో భుట్‌భుటి యంత్రం మళ్ళీ మొదలైనప్పుడు నాకు ఆ చప్పుడు మునుపటిలా వినబడలేదు. చూపును వదులుకొని చెవినే నమ్ముకున్న ప్రాణికి యంత్రపు మోత అంటే, మనకు కళ్ళలో దుమ్ము కొట్టడమే. హల్దియా నుంచి ప్రయాగరాజ్ దాకా 1,620 కిలోమీటర్ల గంగామార్గాన్ని 1986లోనే మొదటి జాతీయ జలమార్గంగా ప్రకటించారు. హుగ్లీ అందులో భాగం. బీహారులోని గంగలో పరిశోధన చేసి 2019లో శాస్త్రజ్ఞులు ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎండాకాలపు పలుచని నీటిలో ఓడల మోత హెచ్చినప్పుడు ఈ ప్రాణులు తమ ధ్వనులను మార్చుకోవలసి వస్తున్నది, శరీరశ్రమ పెరుగుతున్నది. గోలగా ఉన్న పెళ్ళిపందిట్లో మాట్లాడవలసి వచ్చినవారికి ఆ అవస్థ తెలుసు. తేడా ఏమిటంటే, మాట వినబడకపోతే మనకు భోజనం ఆగదు.

మోత ఒక్కటే కాదు. 1975లో ఫరక్కా బ్యారేజీ పూర్తయింది. గంగనీటిని భాగీరథి–హుగ్లీ పాయకు మళ్ళించి, పూడిపోతున్న కలకత్తా రేవును బ్రతికించడం దాని ఉద్దేశం. ఎండాకాలంలో ఈ నదిలో ఈ మాత్రం మంచినీరు ఉన్నదంటే దాని చలవే; అది ఒప్పుకోవాలి. అయితే నూటికి పైగా తలుపులున్న ఆ అడ్డుకట్ట శుశుక్‌ల సంచారాన్ని రెండు ముక్కలు చేసింది. ఎగువవి ఎగువనే, దిగువవి దిగువనే. చేపలకోసం వేసిన సన్నని నైలాన్ వలలలో చిక్కుకొని ఊపిరికి పైకి రాలేక చనిపోయేవి మరికొన్ని. నీటిలో పుట్టి నీటిలో మునిగి చావడం ఈ జాతికి పట్టిన దుర్గతి. దీని కొవ్వు నుంచి తీసిన నూనెను బీహారులోనూ అస్సాంలోనూ చేపలకు ఎరగా వాడేవారు. పాట్నా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు రవీంద్ర కుమార్ సిన్హా, చేపల వ్యర్థాల నుంచి తీసిన నూనె కూడా అంతే బాగా పనిచేస్తుందని నిరూపించి చూపారు. ఉపన్యాసం కంటె సీసాడు నూనె జాలరికి త్వరగా అర్థమవుతుంది. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది.

చైనాలోని యాంగ్‌ట్సీ నదిలో ఇటువంటిదే మరొక డాల్ఫిన్ ఉండేది, పేరు బైజీ. 2006లో ఆరు వారాల పాటు ఆ నదిని శాస్త్రజ్ఞులు కళ్ళతోనూ, నీటిలో ముంచిన ధ్వనిగ్రాహక యంత్రాలతోనూ గాలించారు. ఒక్కటీ కనబడలేదు, ఒక్కటీ వినబడలేదు. ఎవరూ దాన్ని పనిగట్టుకొని నిర్మూలించలేదు. వలలు, ఓడలు, ఆనకట్టలు చాలాయి.

మన నదిలో లెక్క ఇంకా సున్నాకు రాలేదు. 2009 అక్టోబరు 5న గంగా డాల్ఫిన్‌ను జాతీయ జలచరంగా నిర్ణయించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో దీనికి పెద్దపులితో సమానమైన రక్షణ ఉన్నది. 2025 మార్చిలో ప్రకటించిన తొలి సమగ్ర గణన ప్రకారం, ఎనిమిది రాష్ట్రాలలో 28 నదులను, 8,500 కిలోమీటర్లకు పైగా గాలిస్తే తేలిన నదీ డాల్ఫిన్ల సంఖ్య 6,327. ఇందులో పంజాబులోని బియాస్ నదిలో ఉన్న మూడు సింధు జాతివి. తక్కినవన్నీ గంగా డాల్ఫిన్లే. ఉత్తరప్రదేశ్‌లో 2,397, బీహారులో 2,220, పశ్చిమ బెంగాల్‌లో 815. ఆ 815లో బలాగఢ్ దగ్గర నేను చూసినది ఉన్నదేమో. దాని బిడ్డ మాత్రం ఆ లెక్కకు తరువాత పుట్టినదే అయి ఉండాలి.

రేవు దగ్గరపడుతుండగా పడవవాడు బాబాయిని అడిగాడు: “మీ గోదావరిలో శుశుక్ ఉంటుందా, బాబూ?”

బాబాయి నా వైపు చూశారు. గోదావరిలో లేదు గాని, మా తీరం మరీ గొడ్డుబోలేదని చెప్పించాను. ఐరావతీ డాల్ఫిన్ అని నేడు లోకమంతా పిలిచే ప్రాణిని శాస్త్రం మొదట గుర్తించినది బర్మాలో కాదు, విశాఖపట్నంలో. 1852లో అక్కడి రేవులో దొరికిన ఒక నమూనా ఆధారంగా 1866లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ దాన్ని వర్ణించాడు. ఒరిస్సాలోని చిలికా సరస్సులో అవి నేటికీ ఉన్నాయి. హౌరా నుంచి విశాఖ వెళ్ళే రైలు ఆ సరస్సు పక్క నుంచే పోతుంది. మూతి పొట్టి, కళ్ళు కనబడతాయి.

కళ్ళు కనబడతాయనగానే పడవవాడు ఆ జంతువు మీద ఆసక్తి కోల్పోయినట్లు నాకు అనిపించింది.

డబ్బు ఇచ్చేటప్పుడు అతడు ఒక మాట అన్నాడు. దుర్గాపూజ వెళ్ళిన తరువాత, మంచు పట్టకముందు రావాలట. నీరు తేటపడుతుంది. పోటు తిరిగే వేళకు పాయ దగ్గర ఉండాలి. “ఈసారి రెండు రోజులు ఉండండి, దీదీ. యంత్రం లేని పడవ మా తమ్ముడి దగ్గర ఉన్నది.”